పడ్డాక లెక్క చెప్పారు, అందుకే దిగారండీ

ఆగస్టు 23 వస్తే చాలు, జాతీయ అంతరిక్ష దినోత్సవం అని ఫోన్ల నిండా జెండాలు, స్టేటస్‌లు. మంచిదే. 2023లో ఆ రోజు సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి చంద్రయాన్-3 విక్రమ్ చందమామ మీద దిగింది. కానీ నన్నడిగితే 2019 సెప్టెంబరు 7ని కూడా గుర్తెట్టుకోవాలండి. చంద్రయాన్-2 విక్రమ్ కూలిపోయింది ఆ తెల్లారుజామునే.

అసలు కష్టం ఎక్కడుందో చూడండి. కోటిపల్లి రేవులో పంటు ఒడ్డుకొచ్చేటప్పుడు ఇంజను తగ్గిస్తే చాలు, మిగతా పని గోదారి నీళ్ళే చేసిపెడతాయి. ఆకాశం నుంచి భూమ్మీదకి దిగేవాటికి గాలి ఆ సాయం చేస్తుంది, పారాచూట్ విచ్చుకుంటుంది. చందమామ మీద నీళ్ళూ లేవు, గాలీ లేదు. అక్కడ పారాచూట్ ఉత్త గుడ్డముక్క. 30 కిలోమీటర్ల ఎత్తున విక్రమ్ వేగం సెకనుకి 1.68 కిలోమీటర్లు. ఆ జోరుతో రాజమండ్రి నుంచి కాకినాడ 40 సెకన్లలో ఎల్లిపోవచ్చు. అంత వేగాన్నీ ఎల్లే వైపుకే మంట చిమ్మి, సుమారు 19 నిమిషాల్లో చంపేయాలి. ఆ కాసేపూ బెంగళూరు నుంచి ఎవరూ స్టీరింగు పట్టలేరు. ఎత్తు, వేగం కొలుచుకుని తనంతట తానే దిగాలి.

2019లో ఏమైందంటే, ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ తోశాయి. తేడాలు పోగుపడ్డాయి. సరిచేసుకుందామంటే సాఫ్ట్‌వేర్ అంత తొందరగా తిరగనివ్వలేదు. దిగాల్సిన చోటేమో 500 మీటర్ల చదరం. ఇదంతా అప్పటి ఇస్రో చైర్మన్ సోమనాథ్ 2023 జులైలో అందరి ముందూ చెప్పారు. ఈసారి ఏది చెడిపోయినా దిగేలా లెక్కేశామన్నారు. మధ్య ఇంజను తీసేసి నాలుగే ఉంచారు. కాళ్ళు గట్టి చేశారు. ఇంధనం పెంచారు. వేగం కొలిచే లేజర్ పరికరం పెట్టారు. దిగే చోటు 4 కిలోమీటర్ల పొడవు, 2.4 వెడల్పు చేశారు.

ఇప్పుడు మన పోలవరానికి రండి. వరదలకి డయాఫ్రం వాల్ దెబ్బతింది. ఎవర్ని కదిపినా తప్పు అవతలి పార్టీదే. ఎక్కడ లెక్క తప్పింది, ఈసారి ఏం మార్చారు అని ఊళ్ళో జనానికి అర్థమయ్యేలా చెప్పినోళ్ళు నాకైతే కనపళ్ళేదు.

రేపు ఓటుకొచ్చినోళ్ళని తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ రెండు ముక్కలే అడగండి. శ్రీహరికోట నుంచి ఎగిరినదానికి జవాబు దొరికింది. మన గోదారి మీద కట్టేదానికీ దొరకాలి కదండీ?