నెత్తుటి కణికలు, పెద్దల జ్ఞాపకము
మూడు రాష్ట్రముల యెల్లలకు చేరువనున్న వేప్పనపల్లి సీమలో, డెంగ్యూ జ్వరము పుట్టించిన భయమువలన, ప్లేట్‌లెట్ల సంఖ్య నడుగని తెలుగిల్లు నేడు అరుదు. కాని పది దినములకు మించి జీవింపని యా సూక్ష్మకణికలు గాయమును పూడ్చుటయే గాక, తమ గర్భమున అమిలాయిడ్ పూర్వగామి ప్రోటీనును దాచుకొని, ఉత్తేజితములైనంతనే దానిని రక్తములోనికి విడుచుననియు, 1906లో ఆల్జీమర్ వైద్యుడు వర్ణించిన మతిమరుపు రోగి మెదడు ఫలకములందలి బీటా అమిలాయిడు ఆ ప్రోటీను ఖండమేననియు, రక్తమున తిరుగాడు బీటా అమిలాయిడులో అధికభాగము ఈ కణికలనుండియే వెలువడుననియు నెరిగినవారు బహుకొద్దిమంది. ఆ పూర్వగామి దోషి కాదు. పదునొకండవ గడ్డకట్టు కారకమును నిరోధించి, రక్తము మితిమీరి పేరుకొనకుండ కాచునది. కావున ప్లేట్‌లెట్లు తగ్గినంతనే, హెచ్చినంతనే మతిమరుపు వచ్చునని యెవరును బెదరనక్కరలేదు. నెత్తుటిబొట్టుతో ఆల్జీమర్ మతిమరుపు వ్యాధిని ముందుగా గుర్తింపజూచు పరీక్షలు పెద్ద నగరములకు వచ్చుచున్నవి, అది శుభమే. అయినను తమిళమున బడిబోర్డులు, కన్నడమున సంతబేరములు, ఇంట తెలుగు గల ఈ యెల్లసీమ వృద్ధుల జ్ఞాపకమును పరభాషలో పరీక్షించి లోపమని తేల్చుట నా దృష్టిలో అన్యాయము. వైద్యులారా, నెత్తురు తీయుటకు ముందు మా పెద్దలను తెలుగున పలుకరింపుడు.