సమానత్వాన్ని ఎక్కడ కొలవాలి?

2021 జులై 28న రాజ్యసభలో కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ ఒక జవాబు ఇచ్చింది. పాకీ పని వల్ల దేశంలో మరణాలేవీ నమోదు కాలేదన్నది దాని సారాంశం. అదే ఏడాది ఫిబ్రవరిలో అదే శాఖ లోక్‌సభకు చెప్పిన లెక్క వేరు. 2020 డిసెంబరు వరకు అయిదేళ్లలో మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 340 మంది ప్రాణాలు కోల్పోయారని అందులో ఉంది. రెండూ పార్లమెంటు రికార్డులే. ఈ రెండింటికీ పొంతన ఉందని ప్రభుత్వం వాదించగలిగింది కూడా. పాకీ పనిని నిషేధించిన 2013 నాటి చట్టం ఆ పనివారికి ఒక నిర్వచనం ఇచ్చి, మ్యాన్‌హోల్‌లోకి దిగే పనిని ‘ప్రమాదకర శుభ్రత’ పేరుతో విడిగా చూపింది. కేంద్రం నోటిఫై చేసిన పరికరాలు, రక్షణ సామగ్రి వాడి మలం తొలగించే మనిషి అసలా నిర్వచనంలోకే రాడు. పోయిన ప్రాణం ఒకటే. దాన్ని ఏ గడిలో రాస్తామన్నదాన్ని బట్టి దేశం సున్నా అని చెప్పుకోవచ్చు, 340 అనీ చెప్పుకోవచ్చు.

సమానత్వం ఎంతవరకు వచ్చిందన్న ప్రశ్నకు మన దగ్గర జవాబు ఎప్పుడూ చట్టాల జాబితాగానో, కేటాయింపుల పట్టికగానో వస్తుంది. ఆ రెండూ అవసరమే. కానీ అవి ప్రభుత్వం చేసిన పని గురించి చెబుతాయి తప్ప, ఆ పని ఎవరి బతుకులో ఏ మార్పు తెచ్చిందో చెప్పవు. హక్కు మనిషికి అందే చోట, లేదా అందకుండా పోయే చోట కొలవాలి. ఏ వర్గానికి అందిందో, ఏ వర్గానికి అందలేదో విడివిడిగా కొలవాలి. ఆ రెండింటి మధ్య దూరమే నివేదిక మొదటి పేజీలో ఉండాలి. మానవ హక్కుల సూచికలు అనే పద్ధతి పుట్టింది ఇందుకోసమే.

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం 2012లో ఈ సూచికలపై సమగ్రమైన మార్గదర్శిని ప్రచురించింది. ఆ పనిని ముందుండి నడిపినవారిలో భారతీయ ఆర్థికవేత్త రాజీవ్ మల్హోత్రా ఒకరు. ప్రతి హక్కును మూడు అంచెల్లో చూడాలని అది చెబుతుంది. మొదటిది, రాజ్యం ఏం మాట ఇచ్చింది: రాజ్యాంగం, చట్టం, ఒప్పందం. రెండోది, ఆ మాట నిలబెట్టుకోవడానికి ఏం చేసింది: బడ్జెట్, సిబ్బంది, సర్వే, విచారణ. మూడోది, చివరికి మనిషికి ఏం దక్కింది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఎక్కడ తెగిందో తెలుస్తుంది. ఒక్క అంచెనే చూపించే నివేదిక నిజమే చెప్పినా చదివేవారిని తప్పుదారి పట్టిస్తుంది.

పాకీ పనినే ఈ మూడు అంచెల్లో పెట్టి చూద్దాం. మొదటి అంచెలో మనకు నూటికి నూరు మార్కులు వస్తాయి. అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణం ఉంది, 1993 చట్టం ఉంది, 2013 చట్టం ఉంది. 1993 నుంచి మురుగు కాల్వల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలన్న 2014 మార్చి నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచిన 2023 అక్టోబరు తీర్పు కూడా ఉంది. రెండో అంచెలోనూ కాగితం మీద లోటు కనిపించదు. 2013, 2018 సర్వేల్లో 58,098 మందిని గుర్తించామని, ఒక్కొక్కరికి 40 వేల రూపాయల చొప్పున నగదు సాయం చేశామని కేంద్రం చెబుతోంది. అత్యధిక జిల్లాలు తమ పరిధిలో పాకీ పని లేదని ప్రకటించుకున్నాయి కూడా.

మూడో అంచెకు వచ్చేసరికి లెక్కలు ఒకదాన్నొకటి నిలదీస్తాయి. 2011 జనగణనలో ఇళ్ల లెక్క తీసినప్పుడు, మలాన్ని మనుషులు ఎత్తిపోయాల్సిన మరుగుదొడ్లు 7,94,390 ఉన్నాయని తేలింది. అదే కాలపు సామాజిక ఆర్థిక కుల గణన ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లోనే 1,80,657 కుటుంబాలు ఈ పని మీద బతుకుతున్నాయి. ఆ తర్వాతి సర్వేల్లో మనుషులు 58 వేలకు తగ్గారు. కొన్ని దొడ్లు నిజంగానే పోయి ఉంటాయి, కొందరు పని మానేసి ఉంటారు. కానీ ఇంత తేడా రావడానికి అదొక్కటే కారణమని నమ్మడం కష్టం. తమ జిల్లాలో పాకీ పని ఉందని రాయడమంటే నేరం జరుగుతోందని ఒప్పుకోవడమే. అలా రాసినందుకు జవాబు చెప్పాల్సిన అధికారి చేతికే ఆ ఫారం ఇచ్చాం.

ఈ విషయం తెలుగు నేలకు కొత్త కాదు. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, ఉద్యమకారుడు బెజవాడ విల్సన్ వంటి వారి చొరవతో, పాకీ పని నిర్మూలన కోసం పుట్టిన సఫాయి కర్మచారీ ఆందోళన్ తొలి అడుగులు వేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. నిషేధం వచ్చాక కూడా నిజామాబాద్‌లో కోర్టు ఆవరణలోనే పాకీ దొడ్డి నడుస్తోందని బయటపెట్టింది ఈ ఉద్యమమే. 2003లో వారు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, మా దగ్గర ఈ పని లేదని రాష్ట్రాలు ఒకదాని తర్వాత ఒకటి అఫిడవిట్లు వేశాయి. కార్యకర్తలు వీధి వీధీ తిరిగి దొడ్ల ఫొటోలు తీశారు, ఆ పని చేస్తున్నవారి వివరాలు రాసుకున్నారు, తెచ్చి కోర్టు ముందు పెట్టారు. పదకొండేళ్ల తర్వాత వచ్చిన తీర్పుకు బలమిచ్చిన ఆధారాల్లో అవి ముఖ్యమైనవి. ఐక్యరాజ్యసమితి పత్రాలు ‘ప్రభావిత వర్గాల భాగస్వామ్యం’ అని చెప్పేదాన్ని వీళ్లు ముందే చేసి చూపించారు. పాకీ పని చేసిన కుటుంబాల పిల్లలే ఆ లెక్క తీశారు కాబట్టి, దాచిన దొడ్డి ఎక్కడుంటుందో వారికి తెలుసు.

ఇటీవల ప్రభుత్వం కూడా అలాంటి పని ఒకటి చేసింది, దాన్ని మెచ్చుకోవాలి. 2022, 2023లలో జరిగిన మరణాల్లో 54 కేసులపై కేంద్రం సామాజిక తనిఖీ చేయించింది. 90 శాతానికి పైగా కేసుల్లో చనిపోయినవారి ఒంటి మీద ఎలాంటి రక్షణ సామగ్రీ లేదని తేలింది. కార్మికుల్లో ఎక్కువమంది ఎవరో మాట్లాడుకుని పిలిస్తే వచ్చినవారే. సర్కారు జీతం మీద ఉన్నవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఎంతమంది పోయారన్న దగ్గర ఆగకుండా ఎందుకు పోయారు, ఎవరు దింపారు అని అడగడం వల్ల ఇది తెలిసింది. ఇక పారిశుధ్య పనుల యాంత్రీకరణ కోసం తెచ్చిన నమస్తే పథకం కింద కేంద్రం వివరాలు సేకరించిన మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో సుమారు 38 వేల మంది సమాచారం 2024లో వెల్లడైంది. వారిలో ఎస్సీలు సుమారు 69 శాతం. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ఎస్సీల వాటా 16.6 శాతం. అంటే జనాభాలో ఉన్నదానికి నాలుగు రెట్లు. నా దృష్టిలో రాజ్యాంగపు 17వ అధికరణం అమలును కొలిచే సూచిక ఇదే. ఏటా ఇది ఎంత తగ్గిందో పార్లమెంటుకు చెప్పాలి.

2017లో హైదరాబాద్ జలమండలి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రోడ్డెక్కించింది. ఇరుకు సందుల్లోకి వెళ్లగలిగే ఆ బళ్లకు యజమానులు దళిత పారిశ్రామికులు. మనిషిని కిందికి దింపకుండా యంత్రంతో పని చేయించే ఆ ఏర్పాటు దేశానికే ఆదర్శమని అప్పట్లో అన్నారు. ఆ మాటలో నిజముంది. అయినా 2021 ఆగస్టులో అదే నగరంలోని సాహెబ్‌నగర్‌లో రాత్రివేళ మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికులు ఇద్దరు ప్రాణాలతో బయటికి రాలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు శుభ్రం చేయించడాన్ని నిలిపేయాలని ఆదేశించినప్పుడు ఆ జాబితాలో హైదరాబాద్ కూడా ఉంది. యంత్రాల సంఖ్య రెండో అంచె లెక్క. సబ్ కాంట్రాక్టరు దగ్గర, అపార్ట్‌మెంటు సంఘం దగ్గర, రాత్రి పనిలో ఏం జరుగుతోందో ఆ సంఖ్య చెప్పదు.

ఇప్పుడు సగటుల సంగతి. 2018-20 నమూనా నమోదు లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 అయితే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఇది చిన్న విజయం కాదు. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఏళ్ల తరబడి పడిన కష్టం ఇందులో ఉంది. కానీ ఈ నివేదిక రాష్ట్రాల వారీగా లెక్క ఇస్తుంది గానీ సామాజిక వర్గాల వారీగా ఇవ్వదు. ఒక చెంచు తల్లికి, ఒక కొండరెడ్డి తల్లికి ప్రాణగండం ఎంతో ఆ 43, 45 అంకెల్లో కనబడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చే వార్తలు మాత్రం ఏటా వస్తూనే ఉన్నాయి. మిగిలిన ఆ మూడు, మూడున్నర శాతం ఎవరు, ఏ కొండ మీద ఉన్నారు అన్నదే హక్కుల ప్రశ్న. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లని తేలింది. ఆసుపత్రికి చేరడం ఒక హక్కయితే, అవసరం లేని కోత పడకపోవడం కూడా హక్కే. చేరినవారిని మాత్రమే లెక్కపెట్టి పూర్తి మార్కులు వేసుకుంటే ఈ రెండో హక్కు మన కంట పడదు.

అంకె పెరిగితే చెడు, తగ్గితే మంచి అనుకోవడం కూడా ప్రతిచోటా కుదరదు. 2022లో దేశంలో ఎస్సీల మీద జరిగిన నేరాల కింద 57,582 కేసులు నమోదయ్యాయి. ఈ సంఖ్య పెరిగినప్పుడల్లా ప్రతిపక్షం దౌర్జన్యాలు పెరిగాయంటుంది. ప్రభుత్వం, ఫిర్యాదు చేసే ధైర్యం పెరిగిందంటుంది. ఈ ఒక్క అంకెతో ఎవరిది నిజమో తేల్చలేం. కారంచేడు, చుండూరు దళితుల ఊచకోతలు చూసిన సమాజానికి కేసు నమోదు కావడమే ఎంత పెద్ద పోరాటమో గుర్తుండే ఉంటుంది. అందుకే కేసుల సంఖ్య పక్కన మరికొన్ని ఉండాలి: విచారణకు పట్టిన కాలం, రాజీ పేరుతో వెనక్కి తీసుకున్నవి, శిక్ష పడినవి, బాధితులు ఊళ్లో ఉండగలుగుతున్నారా లేదా. వీటన్నిటితో పాటు, గడిచిన ఏడాదిలో మీరు వివక్షకు గురయ్యారా అని జనాన్నే నేరుగా అడిగే సర్వే కావాలి. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 10.3.1 నంబరు సూచిక అడుగుతున్నది సరిగ్గా ఈ ప్రశ్నే. ఆ లక్ష్యాల్లోనే గణాంకాలను ఆదాయం, లింగం, వయసు, జాతి, వైకల్యం వంటి వాటి ప్రకారం విడదీయాలని రాశారు. ఆ జాబితాలో కులం పేరు లేదు, ‘దేశ పరిస్థితులకు తగిన ఇతర లక్షణాలు’ అని మాత్రం ఉంది. మన దేశంలో ఆ ‘ఇతర’ అన్నచోట మొదట రావాల్సింది కులమే.

కులం, మతం పేరుతో లెక్క తీస్తే విభజన పెరుగుతుందని చాలామంది చదువుకున్నవారు నిజాయతీగానే భయపడతారు. ఉత్తర ఐర్లాండ్ అనుభవం వారు చూడదగ్గది. కేథలిక్కులు, ప్రొటెస్టెంట్ల మధ్య నెత్తురు పారుతున్న రోజుల్లోనే అక్కడ 1989లో న్యాయమైన ఉద్యోగావకాశాల చట్టం తెచ్చారు. పది మందికి మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో ఏ సమాజం వారు ఎందరో ఏటా నివేదించాలి. మూడేళ్లకోసారి తన నియామక పద్ధతులను సమీక్షించుకోవాలి, తేడా ఉంటే సరిదిద్దుకోవాలి. 1990లో ఆ సంస్థల ఉద్యోగుల్లో కేథలిక్కులు సుమారు 35 శాతం. తర్వాతి మూడు దశాబ్దాల్లో అది దాదాపు సగానికి చేరింది. జనాభా కూర్పు మారడం కూడా ఇందుకు ఒక కారణమే, మొత్తం ఘనత చట్టానిదే అనడం అతిశయోక్తి. అయినా లెక్క చూపాల్సి రావడం వల్ల యజమానులు మారారన్నది అక్కడి అనుభవం.

మన దగ్గర ముస్లింల స్థితిగతులను పరిశీలించిన సచార్ కమిటీ 2006లో సమాన అవకాశాల కమిషన్ కావాలని, జాతీయ గణాంక నిధి కావాలని సిఫారసు చేసింది. మాధవ మీనన్ నేతృత్వంలో నిపుణుల బృందం 2008లో ఆ కమిషన్‌కు రూపురేఖలు కూడా ఇచ్చింది. కమిషన్ మాత్రం రాలేదు. ప్రైవేటు రంగంలో ఏ వర్గం వారు ఎంతమందో చెప్పే లెక్క ఈనాటికీ మనకు లేదు.

ఆ లోటులో కొంత పూడ్చే అవకాశం ఇప్పుడు తెలుగు రాష్ట్రాల ముందు ఉంది. 2024 నవంబరులో మొదలైన తెలంగాణ ఇంటింటి సర్వే మూడున్నర కోట్ల మంది వివరాలు సేకరించింది. జస్టిస్ సుదర్శన్ రెడ్డి నేతృత్వంలోని నిపుణుల బృందం 42 అంశాల ఆధారంగా 242 కులాలకు వెనుకబాటు సూచిక తయారుచేసింది. ఇది రిజర్వేషన్ శాతాల చర్చకు మాత్రమే పనికొచ్చే సరుకుగా మిగిలిపోకూడదు. 2013లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం జనాభా దామాషాలో నిధులు ఇవ్వాలంది. అది చరిత్రాత్మక చట్టం. అయినా పదేళ్లకు పైగా మనం దాన్ని కొలుస్తున్నది కేటాయింపు, ఖర్చు అనే రెండు గడుల్లోనే. అందరికీ వర్తించే పథకాల్లో ఎస్సీల వాటా లెక్కగట్టి ఆ గడి నింపేస్తే, ఖర్చు కనబడుతుంది గానీ దూరం తగ్గిందో లేదో తెలియదు.

రెండు రాష్ట్రాల్లోనూ బడ్జెట్‌తో పాటు ఏటా సామాజిక ఆర్థిక సర్వే శాసనసభ ముందుకు వస్తుంది. అందులో తలసరి ఆదాయం పేజీ పక్కనే అంతరాల పట్టిక ఒకటి పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. తల్లుల మరణాలు, పిల్లల ఎదుగుదల లోపం, పదో తరగతి దాటినవారు, విచారణ ఖైదీలు, పట్టా చేతికొచ్చిన భూమి, అన్నీ సామాజిక వర్గాల వారీగా, ఆడ మగ విడివిడిగా, నిరుటితో పోల్చి ఉండాలి. వ్యక్తుల పేర్లు బయటపడకూడదు, ఎవరి కులాన్ని వారే చెప్పాలి, పట్టికలో ఏ వరుసలు ఉండాలో తేల్చే బల్ల దగ్గర ఆ వర్గాల వారు కూర్చోవాలి. మొదటి వరుసగా నేను కోరేది ఇది: 2023 అక్టోబరు తీర్పు తర్వాత మురుగు కాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవారు ఎందరు, వారి సామాజిక వర్గం ఏది, పనిలోకి దింపింది ఎవరు, 30 లక్షల పరిహారం ఆ ఇంటికి ఎన్ని రోజులకు చేరింది, ఎవరికైనా శిక్ష పడిందా. 2013 చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్ కమిటీ ఉండాలి. ఆ కమిటీలను ఈ ఒక్క వరుస నింపి పంపమని వచ్చే బడ్జెట్ సమావేశాల లోపు అడగవచ్చు.