మందుల పెట్టెకు తాళం ఎందుకు?

ఈసారి గోడపత్రికకు నన్ను పాట రాయమన్నారు. నేను పాట రాయడం లేదు, పెట్టె గురించి రాస్తున్నాను.

మన ఆఫీసు గదిలో బీరువా పక్కన ప్రథమ చికిత్స పెట్టె ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి ఉన్నవాళ్లు ఆదివారం ఊరికి పోతారు. మనం బట్టలుతకడానికి వాగుకు పోయేది ఆదివారమే, చింతచెట్టు ఎక్కేదీ ఆదివారమే. దెబ్బలన్నీ ఆ రోజే తగులుతాయి. మాత్రలు పిల్లలు ముట్టుకోకూడదని తాళం వేశారంట. సరే, మాత్రలకు వేయండి. దూదికి, గుడ్డ కట్టుకు తాళం ఎందుకో నాకు అర్థం కాదు.

అయితే పెట్టె తెరిచినా సరిపోదు. అందులో ఏది దేనికో మనలో ఎంతమందికి తెలుసు? గంజి పడి చేయి కాలితే టూత్‌పేస్టు పూస్తాం, ఒకసారి ఇంకు కూడా పోశారు. చేయాల్సింది నల్లా కింద చల్లని నీళ్లల్లో 20 నిమిషాలు పెట్టడం. ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వంచుతాం, అది గొంతులోకి పోతది. తల ముందుకు వంచి ముక్కు మెత్తని చోట పట్టుకోవాలి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెడతాం. (ఆ గుత్తి మాత్రం ఏ రోజైనా దొరుకుతది.) దాంతో ఏం కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు.

108కి ఫోన్ చేస్తే సరిపోతది కదా అంటారు. 108 బండ్లు 2005లో వచ్చాయి, ఎంతోమందిని బతికించాయి. కాదనను. కానీ మా ఊరికి రావాలంటే ముందు సిగ్నల్ కోసం ఒకరు గుట్ట ఎక్కాలి. బండి వాగు అవతల ఆగుతది. అక్కడిదాకా డోలి మోయాలి. ఆ గంట, రెండు గంటలు మనిషి ఎవరి చేతుల్లో ఉంటాడు? మన చేతుల్లోనే.

పోయిన ఎండాకాలం తునికాకు కోసేటప్పుడు మా పక్క ఊర్లో ఒక అన్న తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచాడు. వాము నీళ్లు తాపారు. కాసేపటికి కంటి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దముద్దగా వచ్చింది. గాలి సోకిందన్నారు. కట్లపాము అని ఎవరికీ తోచలేదు. ఎందుకంటే ఆ పాము నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కరుస్తది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కూడా సరిగ కనబడదు. దాని విషానికి కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగుతది. డోలి వాగు దాటకముందే ఆ అన్నకు ఊపిరి ఆగింది. మోసేవాళ్లు డోలి దించి ఏడ్చారు. ఊపిరి ఆగితే నోటితో ఊదొచ్చని అక్కడ ఒక్కరికీ తెల్వదు. తెలిస్తే బతికేవాడని నేను చెప్పలేను. చేయడానికి ఒక పని ఉండేది.

మన హాస్టల్లో కూడా సగం మందిమి కిందనే పడుకుంటాం. దోమతెర అంచులు చాప కింద దోపుకోండి. దోమలే కాదు, పాము కూడా రాదు.

పాము కరిస్తే కొయ్యడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం మానాలి. కడియాలు, పట్టీలు తీసెయ్యాలి. నడవనియ్యకుండా, కాలు కదలకుండా కర్ర పెట్టి వదులుగా కట్టి, మందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. మా అవ్వతో ఈ మాట అంటే కోపం వస్తది, మన మంత్రం వద్దంటావా అంటది. నేను వద్దనను. మంత్రం వేసే తాతను కూడా ఆటోలోనే ఎక్కించుకుందాం, దారిలో వేస్తాడు. ఆయన కోసం ఇంటి దగ్గర ఆగొద్దు, అంతే. ఇంకో సంగతి. పాము మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతది, దానికి ముందు పాముల విషం కావాలి. తమిళనాడులో ఇరుళ అనే ఆదివాసులు 1978లో సంఘం పెట్టుకొని పాములను పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తున్నారు. వాళ్లలో ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ సూది వెనక ఆదివాసుల పనితనం ఉందని అవ్వకు చెప్పాను. కొంచెం మెత్తబడింది.

ఇంక సీపీఆర్. చిన్నపిల్లలకెందుకు అని ఒక సారు అన్నారు. 12 ఏళ్ల నుంచి బడిపిల్లలకు ఏడాదికి 2 గంటలు ఇది నేర్పాలనే మాటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒప్పుకుంది. నాకు 14. మనిషిని పిలిచి, భుజం తట్టినా పలకకపోతే, ఊపిరి లేకపోతే, వెల్లకిలా పడుకోబెట్టి రొమ్ము మధ్యలో రెండు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కాలి. పెద్దవాళ్లకైతే 5 సెంటీమీటర్లు దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంటే రోకలి పోటు కన్నా బాగా వేగంగా. 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదాలి. ఊదడం రానివాళ్లు నొక్కడమన్నా ఆపకూడదు. వాగులో మునిగినవాళ్లకు మాత్రం ఊదడం చాలా ముఖ్యం. వాళ్లను తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కడం చేయొద్దు.

ఇదంతా చదివితే రాదు, నేను రాసినా రాదు. ఈత పుస్తకంలో నేర్చుకుంటామా? బాగున్న మనిషి రొమ్ము మీద నొక్కకూడదు కాబట్టి దిండు మీదనో, బియ్యం మూట మీదనో చేయాలి. నెలకొక శనివారం ఆసుపత్రి నుంచి సిస్టరమ్మను పిలిపించి గంటసేపు నేర్పించండి. తెలుగులో ఒకసారి, కోయలో ఒకసారి చెప్తే అయిదో తరగతి చెల్లెళ్లకు కూడా ఎక్కుతది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాళ్లే ఇంట్లో చెప్తారు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే, ఇలాంటివాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం.

వార్డెన్ మేడమ్ గారూ, తాళంచెవి ఇంకొకటి చేయించి హాస్టల్ గదిలో మేకుకు తగిలించండి. సిస్టరమ్మ వచ్చే రోజు చెప్తే దిండు నేను తెస్తాను, బియ్యం మూట వంటమనిషి అక్క ఇస్తానంది.