పోలిక పట్టికలో లేని గడి

కాలి లోతు సిరలో నెత్తురు గడ్డకట్టిన రోగికి వార్ఫరిన్ మేలా, ఎపిక్సబాన్ మేలా అన్న వాదం వైద్యపత్రికల్లో దాదాపు ముగిసిపోయింది. 2013లో వెలువడిన యాంప్లిఫై పరిశోధన తీర్పు స్పష్టమే. గడ్డలు తిరగబెట్టడం, వాటివల్ల మరణించడం కలిపి చూస్తే పాత చికిత్సలో 2.7 శాతం, ఎపిక్సబాన్‌తో 2.3 శాతం. పెద్ద రక్తస్రావాలు మాత్రం 1.8 శాతం నుంచి 0.6 శాతానికి తగ్గాయి.

ఈ తీర్పుతో నాకు పేచీ లేదు. దాన్ని మనం చదివే తీరుతోనే పేచీ. ఏ గ్రంథంలోనైనా రచయిత చెప్పినదాన్నే కాక చెప్పక వదిలినదాన్ని కూడా చూడాలంటాం కదా! ఇటువంటి పరిశోధనల్లో రోగి మందు కొనుక్కోడు, నిర్వాహకులే చేతికందిస్తారు. అందుకే పోలిక పట్టికలో ధర అనే గడి ఉండదు.

2023లో అమెరికాలో ఎపిక్సబాన్ నెలసరి జాబితా ధర 521 డాలర్లు. వార్ఫరిన్‌కు కొద్ది డాలర్లు చాలు. బీమా లేనివాడు రోజుకు రెండు వేసుకోవలసిన మాత్రను ఒక్కటే వేసుకుని సరిపెట్టుకుంటాడు. అసలు చిక్కు ఇక్కడే. వార్ఫరిన్ ప్రభావం తగ్గడానికి రోజులు పడుతుంది. ఎపిక్సబాన్ సుమారు పన్నెండు గంటల్లో సగం ఖర్చయిపోతుంది. అంటే, మాత్ర తప్పితే తొందరగా దెబ్బతీసే మందుకే కొనలేనంత ధర కట్టారు!

వార్ఫరిన్‌తో మాటిమాటికీ రక్తపరీక్షలు, పాలకూర తోటకూరల లెక్కలు తప్పవని ఆక్షేపిస్తారు. నిజమే. కృత్రిమ లోహకవాటం ఉన్నవారి వంటి కొందరిని మినహాయిస్తే, స్తోమత ఉన్న రోగికి నేనూ ఎపిక్సబానే రాస్తాను. కాని ఒకప్పుడు ఎలుకల మందుగా అమ్మారని వార్ఫరిన్‌ను ఈసడించేవారు, పేదరోగికి మిగిలిన ఏకైక రక్షణను ఈసడిస్తున్నారని గుర్తించాలి.

ధర దైవనిర్ణయమేమీ కాదు. ప్రభుత్వం బేరమాడగానే 2026 జనవరి నుంచి మెడికేర్‌కు అది 231 డాలర్లకు దిగింది. అయితే పిల్లల్ని చూడడానికి సుదీర్ఘ విమానప్రయాణం చేసి, సందర్శక వీసాపై వచ్చే మన తల్లిదండ్రులకు మెడికేర్ వర్తించదు.

కనుక చీటీ రాసేముందు మూత్రపిండాల పనితీరు అడిగినంత శ్రద్ధగా "ఇది ప్రతినెలా కొనగలరా?" అని కూడా అడగాలి. కొనలేమంటే వార్ఫరిన్ రాసి, పరీక్షలకు ఏర్పాటు చేయాలి. ఆ ప్రశ్న తన పని కాదనుకునే వైద్యుడు పరిశోధనను సగమే చదివినట్టు.