ఇంటి తాళాల గుత్తి ఎవరి ఫోన్‌లో ఉంది?

మైక్రోసాఫ్ట్ అథెంటికేటర్ యాప్‌లో పాస్‌వర్డ్‌లు దాచుకున్నవాళ్లకు 2025లో ఒక మార్పు ఎదురైంది. జూన్‌లో కొత్తవి చేర్చడం ఆగింది. జూలైలో ఆటోఫిల్ ఆగింది. ఆగస్టు నుంచి పాతవి కూడా ఆ యాప్‌లో కనిపించడం మానేశాయి. ఎడ్జ్ బ్రౌజర్‌లో చూసుకోవచ్చని కంపెనీ ముందే చెప్పింది. అయినా ఇక్కడ ఎడ్మంటన్‌లో మనవాళ్ల మధ్య ఈ మాట వచ్చినప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, చాలామందికి తమ పాస్‌వర్డ్‌లు అసలు ఎక్కడున్నాయో తెలియదు. 'సేవ్ చేయమంటారా?' అని ఫోన్ అడిగింది, సరే అన్నారు. అంతవరకే గుర్తు.

మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. సీఆర్‌ఏ ఖాతా, ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు, ఆల్బర్టా ప్రభుత్వ ఖాతా, ఎప్‌కోర్ బిల్లు, పిల్లల స్కూల్ పోర్టల్ ఇక్కడివి. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు, ఆదాయపు పన్ను పోర్టల్, ఊళ్లో అమ్మానాన్నల కరెంటు బిల్లు అక్కడివి. రెండు దేశాల తాళాలు ఒకే గుత్తిలో మోస్తున్నాం. ఇన్ని గుర్తుపెట్టుకోలేక అన్నింటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టేస్తాం. పిల్లాడి పేరు, చివర 123.

దాని ఫలితం ఏమిటో కెనడా ఒకసారి చూసింది. 2020 ఆగస్టు 15న ఫెడరల్ ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. 9,041 జీసీకీ ఖాతాలు, సుమారు 5,500 సీఆర్‌ఏ ఖాతాలు దాడికి గురయ్యాయని అందులో ఉంది. సీఆర్‌ఏ తన ఆన్‌లైన్ సేవలను కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. కోవిడ్ సాయంగా ఇచ్చే డబ్బును ఇతరుల పేరుతో కాజేసే ప్రయత్నాలు కూడా బయటపడ్డాయి. ఇమ్మిగ్రేషన్ ఖాతాల్లోకి మనలో చాలామంది వెళ్లేది ఈ జీసీకీతోనే.

ఈ దాడిలో ఎక్కువగా వాడింది పాత ఎత్తే. వేరే ఏవో వెబ్‌సైట్ల నుంచి అంతకుముందే దొంగిలించిన పాస్‌వర్డ్‌లను తెచ్చి ఇక్కడ వరుసగా ప్రయత్నించారు. ఒకే పాస్‌వర్డ్‌ను రెండు మూడు చోట్ల వాడినవాళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఎప్పుడో మరిచిపోయిన షాపింగ్ సైట్ తాళంచెవి పన్ను ఖాతాకూ సరిపోయిందన్నమాట.

అందుకే, పాస్‌వర్డ్‌లు ఫోన్‌లో దాచుకోవడం ప్రమాదమనే మాటతో నేను ఏకీభవించను. ఒక్కో ఖాతాకు ఒక్కో పొడవాటి పాస్‌వర్డ్ కావాలంటే మనిషి జ్ఞాపకం చాలదు, ఫోనే మోయాలి. అసలు ప్రమాదం వాట్సాప్‌లో భార్యకో తమ్ముడికో పంపి మరిచిపోయిన మెసేజ్‌లోనూ, గ్యాలరీలో మిగిలిపోయిన స్క్రీన్‌షాట్‌లోనూ ఉంది.

ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి 'పాస్‌వర్డ్స్' అనే యాప్ విడిగా ఉంది. అంతకుముందు వెర్షన్లలో సెట్టింగ్స్ లోపల అదే పేరుతో కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి వెతికే చోట 'పాస్‌వర్డ్ మేనేజర్' అని కొడితే దారి దొరుకుతుంది. క్రోమ్ మెనూలోనూ ఉంటుంది. శాంసంగ్ ఫోన్ వాడేవాళ్లు శాంసంగ్ పాస్‌ను కూడా చూడాలి, కొన్ని అక్కడ, కొన్ని గూగుల్‌లో చెల్లాచెదురుగా ఉండొచ్చు. బయటపడిన, మళ్లీ మళ్లీ వాడిన, బలహీనమైన పాస్‌వర్డ్‌ల జాబితాను ఆపిల్, గూగుల్ రెండూ చూపిస్తాయి. అన్నీ ఒక్కరోజులో మార్చనక్కర్లేదు. ముందు ఈమెయిల్ మార్చండి, ఎందుకంటే మిగతా పాస్‌వర్డ్‌లను మార్చే లింకులన్నీ వచ్చేది అక్కడికే. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత సీఆర్‌ఏ.

ఇక గుత్తికి కాపలా ఫోన్ స్క్రీన్ లాక్. అది పుట్టిన సంవత్సరమైతే మిగతా జాగ్రత్తంతా వృథా. ఐఫోన్‌లో 2024 జనవరి నుంచి 'స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్' వచ్చింది. దాన్ని ఆన్ చేస్తే, అలవాటు లేని చోట సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు చూడాలంటే ముఖమో వేలిముద్రో తప్పనిసరి, పాస్‌కోడ్ తెలిసినా సరిపోదు. సెలవులకు హైదరాబాద్ వెళ్లేముందు ఆన్ చేసుకోవాల్సిన సెట్టింగ్ ఇది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం దొంగల సంగతి కాదు. మన ఇళ్లలో చాలావరకు ఈ ఖాతాలన్నీ ఒక్కరే చూస్తారు. ఆ ఒక్కరు ఆసుపత్రిలో పడితే, లేదా జరగరానిది జరిగితే, రెండోవాళ్లకు ఏ బ్యాంకులో ఏముందో కూడా తెలియదు. ఇక్కడ బంధువర్గం పక్కన ఉండదు, ఇండియాలో బ్యాంకు మేనేజర్‌ను కలవడానికి ఎవరో ఒకరు విమానం ఎక్కాలి. ఆల్బర్టా ఎస్టేట్ చట్టం కూడా, మరణించిన వ్యక్తి ఆస్తుల జాబితాలో ఆన్‌లైన్ ఖాతాలను చేర్చాలంటుంది. ఆ జాబితా రాయాల్సినవాళ్లకు ఖాతాల పేర్లయినా తెలియాలి కదా.

ఆపిల్‌లో 'లెగసీ కాంటాక్ట్'ను పెట్టుకున్నాం, చాలు అనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. దాని ద్వారా ఫొటోలు, ఫైళ్లు అందుతాయి కానీ సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు అందవు. అందుకు బతికుండగానే పంచుకోవాలి. ఆపిల్ పాస్‌వర్డ్స్‌లో కుటుంబానికి ఒక ఉమ్మడి గ్రూపు పెట్టుకోవచ్చు. గూగుల్‌లోనూ ఫ్యామిలీ గ్రూపులోని వాళ్లకు పాస్‌వర్డ్ పంపవచ్చు. అయితే బ్యాంకు పాస్‌వర్డ్‌ను ఇంట్లోవాళ్లతో పంచుకోవడం కూడా చాలా బ్యాంకుల నిబంధనలకు విరుద్ధం. దానికి జాయింట్ ఖాతా, నామినీ, పవర్ ఆఫ్ అటార్నీ సరైన దారులు. కరెంటు బిల్లు, స్కూల్ పోర్టల్, ఇంటర్నెట్ లాంటివి మాత్రం ఉమ్మడి గ్రూపులో ఉండాల్సినవే.

ఇండియా ఖాతాలకు పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, ఓటీపీ వచ్చే నంబరు కూడా బతికుండాలి. రీఛార్జ్ చేయక ఆ సిమ్ పోతే పాస్‌వర్డ్ తెలిసినా లోపలికి వెళ్లలేం. 2023 జనవరిలో ఎన్‌పీసీఐ కెనడాతో సహా పది దేశాల నంబర్లతో ఎన్‌ఆర్‌ఐ ఖాతాలకు యూపీఐ వాడే వీలు కల్పించింది. మీ బ్యాంకు ఆ సదుపాయం ఇస్తోందా, కెనడా నంబరు నమోదు చేస్తుందా అని ఒకసారి అడిగి తెలుసుకోండి.

ఈ శనివారం భోజనాలయ్యాక ఇద్దరూ కూర్చుని, ఎవరి ఫోన్‌లో ఏ ఖాతా ఉందో ఒక కాగితం మీద రాయండి. పాస్‌వర్డ్‌లు వద్దు, ఖాతాల పేర్లు చాలు. ఆ కాగితాన్ని పాస్‌పోర్టులు పెట్టే చోటే పెట్టండి.