స్ప్రింగు మార్చండి, రబ్బరు దూర్చకండి

కారు కింద తగులుతోందని గ్యారేజీకి వెళితే ఇవాళ మొట్టమొదట వినిపించే సలహా రబ్బరు బఫర్. స్ప్రింగు చుట్ల మధ్య దళసరి రబ్బరు ముక్కను దూర్చి, "ఇక తగలదండి" అని పంపించేస్తున్నారు. ఖర్చు తక్కువ, పని క్షణాల్లో అయిపోతుంది, బండి కూడా నిజంగానే లేచి కనిపిస్తుంది. అందుకే జనం నమ్ముతున్నారు. ఆ నమ్మకం మంచిది కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. కారు ఎత్తు పెంచుకోవడం తప్పు కాదు. మా ప్రాంతంలో చాలామందికి అది అవసరం కూడా. అయితే దానికి సరైన పద్ధతి ఆ బండి బరువుకీ, అది మోసే సామానుకీ తగిన కొత్త స్ప్రింగులు వేయించుకోవడం. ఆ పద్ధతికి చట్టంలో స్పష్టమైన దారి ఉండాలి.

నాది కడియపులంక. మొక్కల నర్సరీ నడుపుతాను. పెద్ద లోడ్లు లారీల్లో వెళ్లిపోతాయి. ఆర్కిడ్లు, బోన్సాయ్‌లు, తోట వేయించుకునేవాళ్లకు ముందుగా చూపించాల్సిన మొక్కలు మాత్రం నా టాటా ఇండిగో మరీనాలోనే తీసుకెళతాను. 2004లో వచ్చిన స్టేషన్ వ్యాగన్ అది. వెనక సీటు మడిస్తే మొక్కలు వరసగా నిలబడతాయి. అద్దాలు మూసుంటాయి గనక జాతీయ రహదారి మీద గాలికి ఆకు మాడదు, కొమ్మ విరగదు. ట్రాలీ ఆటోలో పంపి, చేరేసరికి సగం ఆకులు రాలిన మొక్కలను చూసినవాళ్లకు ఈ బండి విలువ తెలుస్తుంది.

మన దేశంలో వ్యాగన్లకు ఆదరణ దక్కలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది. తర్వాత మారుతి బలెనో ఆల్టూరా, స్కోడా ఆక్టేవియా కాంబి, మా మరీనా వచ్చాయి. ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇప్పుడు స్థలం కావాలన్నా, ఎత్తు కావాలన్నా జనం ఎస్‌యూవీ వైపే చూస్తున్నారు. పాత వ్యాగన్ ఉన్నవాళ్లం దాన్ని జాగ్రత్తగా కాపాడుకోవడం తప్ప మరో దారి లేదు.

వ్యాగన్‌కి ఉన్న గుణమే దాని కష్టం. సామానంతా వెనక చక్రాల మీదా, వాటికి వెనకా పడుతుంది. ఎర్రమట్టి నింపి నీళ్లు పెట్టిన కవర్లు చూడ్డానికి చిన్నవే, ఎత్తితే తెలుస్తుంది. ఒక స్ప్రింగు మిల్లీమీటరుకు రెండున్నర కిలోల చొప్పున దిగేదైతే, దాని మీద అదనంగా వంద కిలోలు పడగానే 40 మిల్లీమీటర్లు కుంగుతుంది. కంపెనీలు చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ సాధారణంగా ఖాళీ బండిది. నలుగురు ఎక్కి, డిక్కీ నిండాక మిగిలే ఎత్తు వేరు. వెనక కుంగితే ముక్కు లేస్తుంది, హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. బుర్రిలంక తోటల్లోకి పోయే మట్టిదారిలో చక్రాల జాడలు లోతుగా, నడుమ మట్టి ఎత్తుగా ఉంటుంది. అక్కడ సైలెన్సర్ ఈడ్చుకుపోతుంది. ఊళ్లో సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు వేసిన చోట, ఇంట్లోకి దిగే ర్యాంపు దగ్గర ఇంజిన్ కింది ఆయిల్ చాంబర్ తగులుతుంది. చాంబర్ పగిలి ఆయిల్ కారిపోతే ఇంజిన్ పోయినట్టే.

ఇక్కడ స్ప్రింగు గురించి రెండు సంగతులు విడివిడిగా తెలుసుకోవాలి. ఒకటి ఎత్తు, రెండోది గట్టిదనం. పాతబడ్డ స్ప్రింగు మెత్తబడిందని అందరం అంటాం. నిజానికి ఉక్కు గట్టిదనం దాదాపు అంతే ఉంటుంది. ఏళ్ల తరబడి బరువు మోసి స్ప్రింగు పొడవు తగ్గిపోతుంది, బండి కిందికి దిగుతుంది. కాబట్టి చాలా బండ్లకు అసలు కావలసింది ఎత్తు పెంచడం కాదు, పోయిన ఎత్తు తిరిగి తెచ్చుకోవడం. కంపెనీ కొలతల కొత్త స్ప్రింగులు వేస్తే అక్కడితో సమస్య తీరిపోతుంది.

అది చాలక గట్టి స్ప్రింగు కావాలనుకుంటే లెక్క కచ్చితంగా ఉండాలి. తీగ మందం నాలుగో ఘాతం దామాషాలో గట్టిదనం పెరుగుతుంది. చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య మారకుండా 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13 మిల్లీమీటర్ల తీగ వాడితే స్ప్రింగు దాదాపు 38 శాతం గట్టిపడుతుంది. తేడా ఒక్క మిల్లీమీటరే. "కొంచెం లావు తీగ వేద్దాం లెండి" అని చూపుతో తేల్చే పని కాదిది.

రబ్బరు బఫర్ చేసేది ఈ లెక్కను చెడగొట్టడమే. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒక చుట్టు కదలకుండా బిగుసుకుపోతే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది. ఆ ఒక్క చుట్టు చేయాల్సిన పని కూడా మిగతా ఐదు చుట్ల మీద పడుతుంది. రబ్బరు ఆనిన చోట పెయింటు అరిగి, తేమ నిలిచి, తుప్పు మొదలవుతుంది. స్ప్రింగు విరగడం మొదలయ్యేది అలాంటి చోటనే. ఖాళీగా వెళుతున్నప్పుడు చక్రం గతుకుని పట్టుకోకుండా ఎగురుతుంది. వానలో బ్రేకు వేసిన క్షణంలో ఆ చక్రం రోడ్డు మీద గట్టిగా ఆనకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. దీనికంటే ఘోరం, గ్యాస్ మంటతో స్ప్రింగును కాల్చి సాగదీయడం. అలా కాల్చిన ఉక్కుకు పదును పోతుంది. లారీ కమాన్ కట్టలు సాగదీసే అలవాటుతో కారు స్ప్రింగు మీద చెయ్యి వేసే కొలిమి దగ్గరికి దయచేసి వెళ్లకండి.

సరైన పని ఎలా ఉంటుందో నాకు చూపించింది రాజమహేంద్రవరంలో మా మేస్త్రి. కమాన్ కట్టల కాలం నుంచి కింది పనులు చూస్తున్న మనిషి. నేను స్ప్రింగుల మాట ఎత్తగానే టేపు తీశాడు. "ముందు కొలతలండి, అమ్మగారూ. కాలు చూడకుండా చెప్పు కొంటామా? ఇదీ అంతేనండి," అన్నాడు. చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా నాలుగు చక్రాల దగ్గరా కొలిచాడు. నేల నుంచి కొలిస్తే టైరు గాలిని బట్టి లెక్క మారిపోతుందట. తర్వాత నేను మామూలుగా వేసుకునే మొక్కలన్నీ ఎక్కించి మళ్లీ కొలిచాడు. కాటా మీద ముందు చక్రాల బరువు, వెనక చక్రాల బరువు విడివిడిగా చూశాడు. ఆ కాగితం చేతికి వచ్చాకే స్ప్రింగుల మాట మాట్లాడాడు.

ముందు వైపు కంపెనీ ఎత్తుకు తిరిగొచ్చే కొత్త స్ప్రింగులు వేశాం. వెనక వైపు కాస్త గట్టివి వేశాం. బండి ఖాళీగా ఉంటే కంపెనీ ఎత్తు కన్నా 20 మిల్లీమీటర్లు పైన నిలుస్తుంది, మొక్కలు ఎక్కాక ముందూ వెనకా సమంగా వస్తుంది. స్ప్రింగులతోనే పని అయిపోలేదు. గట్టి స్ప్రింగు ఎగదన్నితే ఆపాల్సింది షాకబ్జర్లు, అరిగినవాటిని అలాగే ఉంచితే బండి ఊగుతుంది. వాటినీ మార్చాం. జాకీ మీద చక్రాలను పూర్తిగా వేలాడదీసి, బ్రేకు గొట్టాలు లాగుకుంటున్నాయా, యాక్సిల్ రబ్బరు తొడుగులు నలుగుతున్నాయా అని చూశాడు. ఎత్తు మారితే చక్రాల వాలు మారుతుంది కాబట్టి అలైన్‌మెంట్ చేయించాం, హెడ్‌లైట్లు దించి సరిచేయించాం. కొన్ని బండ్లలో వెనక ఎంత కుంగిందో చూసి వెనక బ్రేకుల ఒత్తిడిని మార్చే వాల్వు ఉంటుంది. వెనక ఎత్తు పెంచి ఆ వాల్వును సర్దకపోతే, నిండు బండిని అది ఖాళీ బండి అనుకుంటుంది, వెనక బ్రేకులు సరిగా పట్టవు. రబ్బరు దూర్చి పంపేవాడు ఈ వాల్వు సంగతి అడగడు.

రెండు జాగ్రత్తలు మరవకూడదు. గట్టి స్ప్రింగు వేశామని బండి మోయగల బరువు పెరగదు. బ్రేకులు, టైర్లు, బేరింగులు పాత బరువుకి లెక్క కట్టినవే. ఇక ఎత్తు ఎంత పెరిగితే మలుపులో ఒరుగు అంత పెరుగుతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో ఆ తేడా చేతికి తెలుస్తుంది. పాతిక, ముప్ఫై మిల్లీమీటర్లు దాటి పెంచాలనిపిస్తే వేరే బండి కొనుక్కోవడం మంచిది. వ్యాగన్‌ను ఇంకా ఎత్తుగా నిలపడం కంపెనీలకు సాధ్యమే. సుబారు 1990లలో తన లెగసీ వ్యాగన్‌ను ఎత్తు చేసి అవుట్‌బ్యాక్‌గా చూపించింది. 2017లో మన దేశానికి వచ్చిన వోల్వో వి90 క్రాస్ కంట్రీ 210 మిల్లీమీటర్ల ఎత్తున నిలుస్తుంది. కానీ వాళ్లు స్ప్రింగు, షాకబ్జరు, బ్రేకు అన్నీ కలిపి లెక్కలు కట్టి, పరీక్షించి అమ్మారు.

ఇంతకీ మన బండ్లను ఇంత ఎత్తు చేయాల్సిన అవసరం ఎందుకొచ్చింది? సగం పాపం స్పీడ్ బ్రేకర్లది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపుతో ఉండాలి. నా మరీనా ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. అంటే ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ మీద నాలుగు చక్రాలూ ఒకేసారి ఎక్కుతాయి. అప్పుడు చక్రాల మధ్య రోడ్డు పైకి లేచేది 44 మిల్లీమీటర్లే. లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. నిండుగా బరువున్న మామూలు కారు కూడా దాని మీద తగలదు. కానీ మన ఊళ్లలో పోసేది మీటరు వెడల్పు కూడా లేని దిమ్మ. ముందు చక్రాలు దిగేసరికి ఆ దిమ్మ ఎత్తంతా బండి కడుపు కిందికి వస్తుంది. పంచాయతీలు, మున్సిపాలిటీలు, రోడ్లు భవనాల శాఖ ఆ ప్రమాణాన్ని పాటిస్తే బఫర్ల వ్యాపారం చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది.

మిగిలింది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంది. అయితే చట్టం దృష్టిలో మార్పు అంటే బండి మౌలిక స్వరూపం మారేలా నిర్మాణాన్ని మార్చడం. అరిగిన స్ప్రింగు బదులు 20 మిల్లీమీటర్ల తేడాతో మరో స్ప్రింగు వేస్తే అది మౌలిక స్వరూపం మారినట్టేనా? స్ప్రింగు గురించి చట్టం పేరుపెట్టి ఏమీ అనదు. దాంతో నిర్ణయం తనిఖీ అధికారి చేతిలో, ప్రమాదం జరిగాక బీమా సంస్థ చేతిలో పడుతుంది. నేను నా బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేసి, బిల్లులు, కొలతల కాగితం దాచుకున్నాను. అందరికీ ఆ ఓపిక ఉండదు, ఉండాల్సిన అవసరమూ రాకూడదు.

దారి చట్టంలోనే ఉంది. ఎలాంటి మార్పులకు ఏ షరతుల మీద అనుమతి ఇవ్వాలో కేంద్రం నిర్దేశించవచ్చని, అలా అనుమతించిన మార్పు వల్ల తయారీదారు వారంటీ పోదని ఆ సవరణే చెబుతోంది. ఆ అధికారాన్ని స్ప్రింగుల విషయంలోనూ వాడండి. జర్మనీలో బయటి కంపెనీ స్ప్రింగు కొంటే సాధారణంగా ఏ మోడల్‌కి సరిపోతుందో చెప్పే పరీక్షా పత్రం దానితో వస్తుంది. బిగించాక తనిఖీ అధికారి చూసి ధ్రువీకరిస్తాడు. మన దగ్గర పుణేలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్, చెన్నై దగ్గర జీఏఆర్‌సీ అనే వాహన పరీక్షా సంస్థలు ఉన్నాయి. మోడల్‌వారీగా స్ప్రింగులను పరీక్షించి ముద్ర వేయించండి. ఖాళీ బండి ఎత్తు 30 మిల్లీమీటర్లకు మించి పెరగకూడదని పరిమితి పెట్టండి. బిగించాక ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్‌లో బ్రేకులు, హెడ్‌లైట్లు చూపించి ధ్రువపత్రం తీసుకునే ఏర్పాటు చేయండి. స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే బఫర్ల అమ్మకం ఆపండి.

అనుమతి ఇస్తే కుర్రాళ్లు బండ్లను ఏనుగుల్లా చేసేస్తారని కొందరి భయం. అది నిజమైన భయమే. నియమం లేని ఇప్పుడే వాళ్లు ఆ పని చేస్తున్నారు. పరిమితి, ముద్ర, తనిఖీ ఉంటేనే హద్దు దాటినవాణ్ణి పట్టుకోగలం, హద్దులో ఉన్నవాణ్ణి వదిలేయగలం.

నియమాలు వచ్చేలోగా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. కారు కింద తగులుతుంటే ముందు టేపు పెట్టి కొలిపించండి. కుంగిన స్ప్రింగులుంటే కంపెనీ కొలతలవే వేయించండి. షాకబ్జర్లు, అలైన్‌మెంట్, హెడ్‌లైట్లు, బ్రేకులు చూడకుండా బండి బయటికి తేకండి. రబ్బరు ముక్క చేత్తో పట్టుకుని వచ్చినవాణ్ణి, మీ బండి వెనక బరువు ఎంతో అడగండి. చెప్పలేకపోతే తాళాలు తీసుకుని వచ్చేయండి.