మెట్లు లేని మిద్దెతో మేలెంత?

అనంతపురం జిల్లాలో పాత ఊళ్లన్నీ మిద్దెల ఊళ్లే. రాతిగోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటిపైన బండలో కొయ్యపలకలో పరిచి, ఆపైన అడుగు మందాన మట్టి, అన్నిటికీ మీద చవుడు. తాడిపత్రి బండలు దగ్గరున్న పల్లెల్లో బండ ఎక్కువ, దూరమున్న చోట కొయ్య ఎక్కువ. పద్ధతి మాత్రం ఒక్కటే. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న సీమకు పెద్దలు ఆలోచించి కట్టుకున్న కప్పు అది.

ఇప్పుడా మిద్దెలు ఒక్కొక్కటే నేలమట్టం అవుతున్నాయి. వాటి స్థానంలో సిమెంటు స్లాబులు లేస్తున్నాయి. పక్కా ఇల్లు వద్దనే వారెవరూ లేరు. అయితే పాత మిద్దెలో ఉన్న ప్రమాదం పోయేలా, అందులో ఉన్న సుఖం నిలిచేలా కొత్త ఇల్లు కడుతున్నామా అన్నదే ప్రశ్న. ఈ విషయంలో అధికారులూ, గృహస్థులూ ఇద్దరూ ఆలోచించవలసింది ఉంది.

ముందు ప్రమాదం సంగతి. 25 చదరపు మీటర్ల మిద్దె మీద అడుగు మందం మట్టి ఉంటే దాని బరువు పది టన్నులకు తగ్గదు. కారిన ప్రతిసారీ పాతమట్టి తీయకుండా కొత్తమట్టి పోసుకుంటూ పోతే ఆ బరువు ఇంకా పెరుగుతుంది. కింద దూలానికి చెదలు పట్టింది పైకి కనిపించదు. రెండు మూడు రోజులు ముసురు పట్టిందంటే మట్టి నీళ్లు తాగి మరింత బరువెక్కుతుంది. కూలేది ఎక్కువగా రాత్రివేళ, ఇంటిల్లిపాదీ నిద్రలో ఉన్నప్పుడయితే ఇక చెప్పనక్కర లేదు. 2021 నవంబరు వానలకు రాయలసీమ జిల్లాల్లో ఎన్నో ఇళ్లు దెబ్బతిన్న సంగతి తెలిసిందే.

ఇల్లు కూలి మనిషి పోతే ఆ కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇవ్వాలని 2022లో ఖరారైన విపత్తు సహాయ నిబంధనలు చెబుతున్నాయి. ప్రాణం పోయాక ఇచ్చే ఆ సొమ్ములో చిన్న భాగం ముందే ఖర్చు పెడితే పాడైన దూలం మార్చుకోవచ్చు, దానికింద ఒక స్తంభం నిలబెట్టుకోవచ్చు. ఏటా తొలకరికి ముందు పంచాయతీ సిబ్బంది ఊళ్లోని మట్టి మిద్దెలన్నీ ఒకసారి చూసి, ప్రమాదమున్న వాటి జాబితా రాసి, అందులోని వారిని వానల్లో బడిలోనో, సత్రంలోనో ఉంచే ఏర్పాటు చేయాలి. ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు, శ్రద్ధ కావాలి.

ఇక సుఖం సంగతి. మట్టి మందంగా ఉండడం వల్ల పగటి ఎండ కిందికి దిగడానికి చాలా గంటలు పడుతుంది. మధ్యాహ్నం ఇంట్లో చల్లగా ఉండేది అందుకే. రాత్రి మిద్దె మీదే పడక. వేరుశనగ, మిరప, చింతపండు ఎండబెట్టుకునే కళ్లమూ అదే. పెరట్లో నాటిన సొరతీగ, గుమ్మడితీగ పాకేదీ అక్కడికే. మిద్దె అంటే ఇంటికి కప్పు మాత్రమే కాదు, ఇంకొక గది.

నాలుగైదు అంగుళాల స్లాబుకు ఈ గుణం లేదు. ఎండకు కాలిన స్లాబు పొద్దుగుంకాక కూడా ఇంట్లోకి వేడి వదులుతూనే ఉంటుంది. కింద పడుకోలేరు. పైకెక్కుదామంటే మెట్లు లేవు. ప్రధానమంత్రి ఆవాస్ గ్రామీణ పథకంలో 2016లో నిర్ణయించిన కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు, మైదాన ప్రాంతాలకు సాయం 1.20 లక్షలు. రాష్ట్రంలో 2020లో మొదలైన పేదల ఇళ్ల పథకంలో ఒక్కో ఇంటికి 1.80 లక్షలు. సిమెంటు, ఇనుము, కూలి పోను డబ్బు చాలనప్పుడు మొదట ఆగిపోయేవి మెట్లు, పిట్టగోడ. నిచ్చెన వేసుకుని ఎక్కే ముసలివాళ్లు, అంచున ఆడుకునే పిల్లలు జారిపడితే బాధ్యత ఎవరిది? అంత చిన్న ఇంట్లో మిద్దెను వాడుకోనివ్వకపోవడం అంటే సగం ఇల్లు లాక్కోవడమే.

స్లాబును చల్లబరచడం అసాధ్యమేమీ కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమే ప్రకటించింది. అక్కడ ప్రభుత్వ భవనాలకు అది తప్పనిసరి. పల్లెలో అంత హంగు అక్కరలేదు. ఏటా మాఘ, ఫాల్గుణాల్లో స్లాబుకు తెల్లసున్నం రెండు పూతలు వేస్తే ఎండ చాలావరకు తిరిగి పోతుంది. ఇంట్లో కొన్ని డిగ్రీల వేడి తగ్గుతుంది.

నీటి సంగతీ మరువరాదు. జిల్లాలో ఏటా కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ లెక్కన 25 చదరపు మీటర్ల స్లాబు మీద పడే నీరు 13 వేల లీటర్లు దాటుతుంది. గొట్టంలోంచి వీధిలోకి దూకి, పొరుగువాడి గోడ నానబెట్టి, తగాదాలకు కారణమయ్యే ఆ నీటిని ఇంటి పక్క గుంతలోకి దించితే ఊరి బోరుకే మేలు. గుంత మాత్రం పునాదికి కొంత ఎడంగా తవ్వుకోవాలి.

చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. ఇళ్ల పథకాల అంచనాల్లో మెట్లకు, మూడడుగుల పిట్టగోడకు, నీటి గుంతకు విడిగా సొమ్ము చేర్చాలి. అది లేనిదే ఇల్లు పూర్తయినట్టు ఇంజనీర్లు రాయకూడదు. గృహస్థులు సైతం ముందు గదికి రంగులు, తలుపుకు నగిషీలు తరువాత చూసుకుని, మెట్లు ముందు కట్టించుకోవాలి. మట్టి మిద్దెలో భయపడుతూ బతికిన కుటుంబం పక్కా ఇంట్లో ఉడికిపోతూ బతకవలసి రావడం అభివృద్ధి అనిపించుకోదు.